దుబాయ్ టీచర్ జీతంలో బేసిక్ ఎంత?

విజయవాడలోనో వరంగల్‌లోనో పదేళ్లు ఫిజిక్స్ చెప్పిన టీచర్‌కు దుబాయ్ స్కూలు నుంచి ఆఫర్ లెటర్ వస్తే, ఇంట్లో ముందు జరిగేది దిర్హామ్‌లను రూపాయల్లోకి మార్చి చూసుకోవడం. ఆ వెంటనే సర్టిఫికెట్ల పరుగు. పత్రాలకు ఒకే ముద్ర చాలనే అపోస్టిల్ ఒప్పందంలో భారత్ 2005లోనే చేరినా, దుబాయ్ ఉన్న యూఏఈ అందులో లేదు. అందుకే డిగ్రీ పట్టా మీద రాష్ట్ర ప్రభుత్వం, మన విదేశాంగ శాఖ, యూఏఈ ఎంబసీ వరసగా ముద్ర వేయాలి. ఈ తిరుగుడుకు వారాలు పడతాయి. కాంట్రాక్టును మాత్రం చాలామంది ఫోన్‌లో పైపైన చూసి సంతకం పెట్టేస్తారు.

ముందు చదవాల్సింది దాన్నే.

ఇద్దరు టీచర్లకు నెలకు 8,000 దిర్హామ్‌ల జీతం అనుకుందాం. ఒకరి బేసిక్ 4,000, ఇంకొకరిది 6,000. మిగతాది ఇంటి అద్దె, రవాణా అలవెన్సులు. నెలనెలా చేతికందేది సమానమే. తేడా తెలిసేది ఉద్యోగం వదిలే రోజున. అక్కడి చట్టం ప్రకారం మొదటి ఐదేళ్లకు గ్రాట్యుటీ ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున లెక్కగడతారు. మూడేళ్లు చేసి తిరిగొస్తే మొదటివారికి సుమారు 8,400, రెండోవారికి 12,600 దిర్హామ్‌లు. మన పీఎఫ్ లాంటిది లేని చోట ఇది చిన్న తేడా కాదు.

2022 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న యూఏఈ కార్మిక చట్టం ప్రొబేషన్‌ను ఆరు నెలలు దాటనివ్వదు. ఆ గడువులో తీసేయాలన్నా యజమాని 14 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. నియామక ఖర్చు ఉద్యోగి నుంచి రాబట్టకూడదు, పాస్‌పోర్టు తీసి దాచుకోకూడదు. ఇన్ని ఉన్నా ఏజెంటు 'సర్వీస్ ఛార్జీ' అనగానే మనవాళ్లు అప్పు చేసైనా కట్టేస్తారు. కొత్త కొలువు దగ్గర ఎదురు ప్రశ్న వేయడానికి నోరు పెగలదు మరి.

స్కూలు పేరులో 'ఇంటర్నేషనల్' ఉన్నంత మాత్రాన సిలబస్ ఏమిటో తెలియదు. సీబీఎస్ఈ బళ్లకు ఏప్రిల్‌లో కొత్త ఏడాది మొదలైతే బ్రిటిష్, ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియెట్) బళ్లు వేసవి సెలవుల తర్వాత తెరుస్తారు. ఫీజుల్లో చాలా అంతరం, దాన్నిబట్టే జీతాల్లోనూ. దుబాయ్ విద్యా నియంత్రణ సంస్థ కేహెచ్‌డీఏ తనిఖీ నివేదికలను ఎవరైనా చదవొచ్చు. పిల్లల్ని చేర్చే తల్లిదండ్రులు అవి తిరగేస్తారు, అక్కడ పని చేయబోయే టీచర్ మాత్రం తిరగేయరు! ఇదేం చోద్యమో.

అసలు పరీక్ష క్లాసులో ఉంటుంది. మన కార్పొరేట్ కాలేజీల నుంచి వెళ్లే లెక్చరర్లు జేఈఈ లెక్కలు నిద్రలో లేపినా చేసేస్తారు. జెనీవాలో 1968లో మొదలైన ఐబీ డిప్లొమాలో ఆ పట్టు ఒక్కటే చాలదు. ఫిజిక్స్ మార్కుల్లో 20 శాతం విద్యార్థి సొంతంగా చేసే పరిశోధనకు పోతాయి. ప్రశ్న విద్యార్థిదే, ప్రయోగమూ విద్యార్థిదే. రాసి తెచ్చిన డ్రాఫ్టు మీద టీచర్ సూచనలు ఇవ్వగలిగేది ఒక్కసారే, దిద్దిపెట్టడం కుదరదు. నోట్స్ చెప్పి, వారం చివర టెస్టు పెట్టి, ర్యాంకులు చదివిన మనిషికి చేతులు కట్టుకుని కూర్చోవడం శిక్షే. విమానం ఎక్కేలోపు ఐబీ ఫిజిక్స్ సబ్జెక్టు గైడ్ ఒకసారి చదివితే మొదటి టర్మ్‌లో అవస్థ సగం తగ్గుతుంది.

డబ్బు సంగతి ఇంకొకటి. దుబాయ్‌లో ఇంటి అద్దె మనలా నెలనెలా కాకుండా ఏడాది మొత్తానికి కొన్ని చెక్కులుగా ముందే రాసివ్వడం మామూలు. పైగా డిపాజిట్, బ్రోకర్ కమిషన్. మొదటి జీతం మాత్రం చేరిన నెల తిరిగితేనే. స్కూలు ఇల్లు ఇస్తుందా, అలవెన్సు ముందుగా ఇస్తుందా, భార్యాపిల్లల ఆరోగ్య బీమా ఎవరు కడతారు, పిల్లల ఫీజులో రాయితీ ఎందరికి? ఈ నాలుగూ సంతకానికి ముందే మెయిల్‌లో అడిగి, జవాబు కాగితం మీద తీసుకోవాలి. ఇంటర్వ్యూలో నోటిమాటగా 'చూద్దాం' అన్నది కాంట్రాక్టులో లేకపోతే, అక్కడికెళ్లాక చూపించడానికి ఏమీ మిగలదు.