ప్లాన్‌లో అరటిచెట్టు లేదు

సివిల్ బ్రాంచిలో చేరిన ప్రతివాళ్లకీ ఇంట్లో ఒక రోజు వస్తుంది. చుట్టాలందరూ కూర్చున్నప్పుడు నాన్న "మా ఇంజినీరు ఉందిగా, అదే గీస్తుంది" అంటారు. అప్పటికి మనకి వచ్చింది ఆటోకాడ్‌లో గోడలు గీయడం, తలుపులు పెట్టడం, అంతే. నాకు ఆ రోజు సెకండియర్ అయ్యాక వేసవి సెలవుల్లో వచ్చింది. మా పెరడు మొత్తం ఎత్తు లేపి, గచ్చు చేసి, టైల్స్ వేయాలి. గీశాను. నాన్న దాన్ని ప్రింటు తీయించి లామినేషన్ చేయించారు. ఆ కాగితం ఇప్పటికీ ఫ్రిజ్ పక్కన మేకుకి వేలాడుతోంది. సెలవులకి ఇంటికెళ్లి మంచినీళ్ల కోసం ఫ్రిజ్ తీసినప్పుడల్లా సిగ్గేస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పెరడంతా గచ్చు చేయకూడదు. ఇంకోటి, ఆ ఇంట్లో రోజంతా పనిచేసే మనిషిని కూర్చోబెట్టి అడగకుండా ఇంటికి ప్లాన్ గీయకూడదు. ఈ మాట హాస్టల్లో అంటే మా రూమ్మేట్ "ఇది ఇంజినీరింగా, సెంటిమెంటా?" అని నవ్వింది. ఇంజినీరింగే. ఎలాగో చెప్తాను.

మాది నరసరావుపేట. తాతయ్య కట్టించిన ఇల్లు, మొత్తం 200 గజాల స్థలం. వెనక పెరడు 60 గజాలు ఉంటుంది. నేల నల్లరేగడి. వానాకాలం చెప్పులకి అంటుకుని వదలదు, ఎండాకాలం నెర్రెలు విచ్చి చిన్నప్పుడు మా గోళీలు మింగేసేది. అందులో ఒక మునగచెట్టు, కరివేపాకు, మందారం, గోంగూర మడి, గోడవారన దొండపాదు, ప్రహరీ మూలన రెండు అరటిచెట్లు. తోట అనడానికేం లేదు. మా అమ్మ కూడా ఎప్పుడూ తోట అనలేదు, "వెనక మొక్కలు" అనేది.

నాన్న వైపు న్యాయం లేకపోలేదు. ఆ ముందు వానాకాలం నాయనమ్మ బురదలో జారి తుంటి నొప్పితో రెండు నెలలు మంచం మీద ఉంది. దోమలు. ఒకసారి పాము కూడా వచ్చింది, తర్వాత పనసకాయంత పాము అని వీధంతా చెప్పుకున్నారు గానీ నేను చూశాను, జెర్రిపోతు. అదీగాక వీధిలో సీసీ రోడ్డు మీద మళ్లీ సీసీ రోడ్డు వేసి, మా ఇల్లు ఏటేటా కిందికి దిగిపోతున్నట్టు ఉండేది. అందుకని పెరడు ఎత్తు లేపుదాం అన్నారు. "వంటింటి గడపకి సమానంగా తెచ్చేద్దాం నాన్నా, నాయనమ్మకి మెట్టు దిగే బాధ ఉండదు" అన్నది మాత్రం నేనే. ఆ ఆలోచన నాది. నన్ను అందరూ మెచ్చుకున్నారు.

అమ్మనీ అడిగామనే అనుకున్నాం. నాన్న ప్లాన్ చూపించి "ఏమంటావ్?" అన్నారు. అమ్మ చేతికి శనగపిండి ఉంది, కాగితం పట్టుకోకుండా దూరం నుంచే చూసి "మీ ఇష్టం" అంది. నాన్న అది సరే అన్నట్టు తీసుకున్నారు. నేనూ అలాగే తీసుకున్నాను. నేను ఆడపిల్లనే, ఆ మాట మా ఇంట్లో పుట్టినప్పటి నుంచి వింటున్నదాన్నే, దాని అర్థం నాకు తెలియకపోవడం ఏమిటి? తెలుసు. ప్లాన్ అప్పటికే గీసేశాను కదా, మార్చాలంటే బద్ధకం.

పని మే నెలలో మొదలైంది. అమ్మ ఒక్కటే అడిగింది. ఒక అరటిచెట్టుకి గెల ఉంది, ఇంకో రెండు వారాలకి దిగుతుంది, అప్పటిదాకా ఆ మూల వదిలేయమని. మేస్త్రి గారికి వేరేచోట స్లాబు పని ఒప్పుకున్నారట, ఆగడం కుదరదన్నారు. గెల పచ్చిగానే కోశారు. వారం రోజులు మా ఇంట్లోనూ, మా వీధిలో మరో నాలుగిళ్లలోనూ అరటికాయ కూరే.

ఆ మేస్త్రి గారే గచ్చు వేసే ముందు నన్ను ఒక మాట అడిగారు. "అమ్మాయిగారూ, ఈ అంట్ల కాడ నీళ్లు ఇప్పుడెటు పోతాయండీ?" అప్పటిదాకా అవి ఎటు పోతున్నాయో నాకు తెలియదు. తెలియదని చెప్పలేక "స్లోప్ ఇచ్చాం కదండీ, పక్క కాలవలోకి" అన్నాను. ఆయన తలూపారు. చదువుకున్న పిల్ల చెప్పిందని ఊరుకున్నారు.

జులైలో ఒక రాత్రి గట్టి వాన పడింది. నేను హాస్టల్లో ఉన్నాను, తమ్ముడు వీడియో పంపాడు. పెరట్లో నీళ్లు నిలబడి వంటింటి గడప తడుపుతున్నాయి. అమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని చీపురుతో నీళ్లు వెనక్కి తోస్తోంది. ఆ లెక్క నేను తర్వాత చేశాను, ముందే చేయాల్సింది. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 60 గజాలంటే సుమారు 50 చదరపు మీటర్లు. 50 మిల్లీమీటర్ల వానకి 2500 లీటర్లు, అంటే వెయ్యి లీటర్ల ట్యాంకులు రెండున్నర గుమ్మరించినట్టు. నల్లరేగడి మహా ఇంకించుకునే నేలేం కాదు. నెర్రెల్లోకి మొదట గబగబా తాగుతుంది, ఉబ్బి మూసుకున్నాక నెమ్మదిస్తుంది. అయినా పాత పెరడు వంటింటి కంటే అడుగు కింద ఉండేది. నీళ్లు నిలిచినా పాదుల్లో నిలిచేవి, గడప దాకా వచ్చేవి కావు. ఇప్పుడు అంతా సమానం. వీధి కాలవేమో రోడ్డుతో పాటు పైకి పోయింది, దాని అడుగు నా స్లోప్ చివర కంటే ఎత్తులో ఉంది. లెవెల్ తీసి చూడలేదు. సర్వేయింగ్ ల్యాబ్‌లో డంపీ లెవెల్‌తో గ్రౌండంతా కొలిచి రికార్డు రాసినదాన్ని, సొంత ఇంటి కాలవ కొలవలేదు.

దసరాకి ఇంటికెళ్తే వంటింటి వెనక గోడ లోపలి వైపు మోకాలెత్తు దాకా చెమ్మ. పెయింటు పెచ్చులు ఊడి, తెల్లగా ఉప్పు పొంగింది. పప్పుల డబ్బాలు పెట్టే అర అది. ఇక్కడ సివిల్ వాళ్లు కాస్త ఆగి చదవండి, ఈ తప్పు మీరూ చేస్తారు. నేల చెమ్మ గోడలోకి పాకకుండా బేస్‌మెంట్ ఎత్తులో డీపీసీ అని ఒక పొర వేస్తారు కదా. బయటి నేల దానికి కనీసం 15 సెంటీమీటర్లు కింద ఉండాలి. ఈ ప్రశ్నకి పరీక్షలో బొమ్మ వేసి మరీ జవాబు రాశాను. మా గోడకి ఆ పొర పాత పెరటి నుంచి అడుగు ఎత్తులో ఉంది. నేను నింపించిన మట్టి ఏడంగుళాలు, దాని మీద కాంక్రీటు నాలుగు, టైల్స్ కింద మసాలాతో కలిపి ఇంకో రెండు. మొత్తం పదమూడు. డీపీసీని నేనే పాతిపెట్టాను. తడి దాన్ని దాటుకుని పై ఇటుకల్లోకి హాయిగా నడిచిపోయింది.

దోమలు తగ్గాయా అంటే అదీ లేదు. అమ్మ బతికించుకోగలిగిన మొక్కల్ని పెయింటు డబ్బాల్లోకి, పాత బకెట్లలోకి మార్చింది. కొత్త టైల్స్ మీద మట్టి మరకలు పడకుండా నాన్న ప్రతి డబ్బా కిందా ఒక ప్లాస్టిక్ ప్లేటు పెట్టించారు. ఆ ప్లేట్లలో నిలిచేది మంచినీళ్లే. డెంగీ దోమ గుడ్లు పెట్టేదీ అలాంటి నీళ్లలోనే, వారం పది రోజుల్లో గుడ్డు దోమ అయి ఎగిరిపోతుంది. శుక్రవారం డ్రై డే అని ఆశా వర్కరు గారు వచ్చి, ప్లేట్లన్నీ బోర్లించి, మెత్తగా చీవాట్లు పెట్టి వెళ్లారు.

నాయనమ్మ సంగతి చెప్పాలి. పనంతా ఆవిడ కోసమే అనుకున్నాం కదా. మునగచెట్టు కింద నులకమంచం వేసుకుని సాయంత్రాలు గడిపేది. చెట్టు కొట్టేశాక అక్కడ నీడ లేదు. మధ్యాహ్నం కాగిన టైల్స్ రాత్రి తొమ్మిదింటికి కూడా అరికాలికి చురుక్కుమంటాయి. ఆవిడిప్పుడు జారిపడటం లేదు, నిజమే. అసలు పెరట్లోకి రావడమే మానేసింది. టీవీ ముందు కూర్చుంటోంది.

ఆ దసరా సెలవుల్లో ఒక ఉదయం నుంచి సాయంత్రం దాకా అమ్మ వెనకాలే తిరిగాను. బకెట్లు లెక్కపెట్టాను. అంట్లకి, బట్టలకి, బియ్యం కూరగాయలు కడగడానికి పదిహేను లీటర్ల బకెట్లు పదకొండు, అంటే 165 లీటర్లు. పుస్తకంలో మనిషికి రోజుకి 135 లీటర్లు అని, అందులో 80 శాతం మురుగునీరుగా వస్తుందని చదువుకున్నాం. పుస్తకంలో ఆ నీళ్లు పైపులోకి వెళ్లిపోతాయి. మా వీధిలో పైపు లేదు.

పాత పెరట్లో ఏం జరిగేదో అమ్మ చెప్తే అప్పుడు విన్నాను. బియ్యం కడుగు కరివేపాకు మొదట్లో. పులిసిపోయిన మజ్జిగ మిగిలితే అదీ దానికే. కూరగాయలు కడిగిన నీళ్లు గోంగూర మడికి. అంట్లు తోమిన నీళ్లు, బట్టలు జాడించిన నీళ్లు చిన్న కాలవ గుండా అరటి పాదులోకి. సబ్బు ఎక్కువున్న మొదటి నీళ్లు మాత్రం ఏ మొక్కకీ కాదు, బయట కాలవలో పోసి వచ్చేది. మనం ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్‌లో గ్రే వాటర్ అని ఒక చాప్టర్ చదువుతాం కదా, ఆ వేరుచేయడమంతా ఇక్కడ ఇరవై ఏళ్లుగా నడుస్తోంది. అరటి నీళ్లు బాగా తాగే చెట్టని, దాన్ని వంటింటికి పన్నెండడుగుల దూరంలో ప్రహరీ మూలన పెట్టడం గోడకి తడి తగలకూడదనేనని, నాకు ఎవరూ చెప్పలేదు. నేను అడగలేదు. నా ప్లాన్‌లో ఆ మూల ఖాళీగా తెల్లగా ఉంది. అరటిచెట్టు మా ఇంటి డ్రైనేజీ. దాన్ని నేను మొక్క అనుకుని కొట్టించాను.

ఇది మా ఒక్క ఇంటి కథ అయితే పత్రికకి ఇచ్చేదాన్ని కాదు. మన ఊళ్లలో ఇప్పుడు ఇల్లు బాగుచేయించడం అంటే మొదట పోయేది పెరటి మట్టే. మా వీధిలో ఆ రెండేళ్లలోనే అయిదిళ్లు మాలాగే గచ్చు చేయించాయి. ఇంకుడు గుంతల మాట 2002లో వచ్చిన వాల్టా చట్టంలోనే ఉంది. మనవాళ్లేమో ఇంకే నేలంతా మూసేసి, ఒక మూల నాలుగడుగుల గుంత తీసి, ఫొటో తీయించుకుని, దానిమీద కూడా మూత వేస్తారు. గచ్చు శుభ్రం, మట్టి నామోషీ. పెళ్లిచూపులకి వచ్చేవాళ్లు పెరట్లోకి తొంగి చూస్తారట, మా అత్తయ్య ఉవాచ.

కేరళలో స్థిరపడి ఇళ్లు కట్టిన లారీ బేకర్ (1917–2007) గురించి నాకు క్లాసులో కాదు, లైబ్రరీలో తెలిసింది. ఆయన స్థలంలో ఉన్న చెట్టు కొట్టకుండా గోడని వంచేవాడు. ఇంట్లో ఉండబోయేవాళ్లతో మాట్లాడి, వాళ్ల అవసరాలు చూసి కట్టేవాడు. అది పెద్ద ఆర్కిటెక్టుల గొప్పతనం అనుకుంటాం గానీ, మాట్లాడటానికి లైసెన్సు అక్కర్లేదు కదా.

అలాగని గచ్చే వద్దనడం కూడా నాలాంటి హాస్టల్ వాళ్ల మాటే అవుతుంది. పెరడు ఊడ్చేది నేను కాదు. అమ్మని నిజంగా అడిగినప్పుడు ఆవిడ మొదట చెప్పింది మొక్కల గురించి కాదు. కుళాయి దగ్గర్నుంచి బట్టల తీగ దాకా మూడడుగుల వెడల్పున గచ్చు కావాలని ఎప్పటి నుంచో ఉందట, తడి బట్టల బకెట్‌తో బురదలో నడవలేక. రాత్రిపూట వెనక లైటు కావాలట. అంట్లు కూర్చుని తోమలేకపోతోందట, నడుమెత్తున ఒక గట్టు కావాలట. మా ప్లాన్‌లో ఈ మూడూ లేవు. ఎనభై వేలు పెట్టి అరవై గజాలు గచ్చు చేయించాం, ఆవిడ అడిగేది పాతిక వేలతో అయిపోయేది.

డిసెంబరులో కొంత పగలగొట్టించాం. నాన్న మూడు రోజులు నాతో ముభావంగా ఉన్నారు, డబ్బు ఆయనది. వంటింటి గోడ పొడవునా అడుగున్నర వెడల్పు పట్టీ తవ్వి, పాత నేల దాకా మట్టి తీసి, కంకర పోయించాం. గడప దగ్గర నాయనమ్మ కోసం ఒక రాతి పలక అడ్డంగా వేశాం, పక్కన పట్టుకోవడానికి రెయిలింగు. ప్రహరీ వైపు పదడుగుల వెడల్పున టైల్స్ లేపేసి, నేల కిందికి దించాం. అంట్ల గట్టు కట్టించి, దాని నుంచి అక్కడికి కాలవ. ఈసారి లెవెల్ ట్యూబుతో నేనే పట్టుకుని చూశాను. పాత మేస్త్రి గారే వచ్చారు. ఆయనేమీ అనలేదు, కాలవలో ఒక చెంబు నీళ్లు పోసి, అవి చివరిదాకా పోయేవరకు నిలబడి చూశారు.

అరటి పిలకలు పక్కింటి పిన్నిగారు ఇచ్చారు. మనం పంచిన అరటికాయలకి బదులట. మునగ కొమ్మ ఒకటి నాటాం, దాని నీడలో మంచం వేయడానికి ఇంకా టైం పడుతుంది. గోడ ఆరింది గానీ ఉప్పు మచ్చ పూర్తిగా పోలేదు.

మొన్న సంక్రాంతికి నాన్న మేడ మీద గది వేద్దామని మొదలుపెట్టారు. ల్యాప్‌టాప్ తీయమన్నారు. నేను తీయకుండా అమ్మ వైపు చూశాను. ఆవిడ పిండి కలుపుతూనే, "ఆ నీళ్ల ట్యాంకు మా గది నెత్తిన తీసేసి ఇంకెక్కడన్నా పెట్టండి. పొద్దున్నే మోటారు వేస్తే ఆ నీళ్లు పడే చప్పుడుకి ఒక్కరోజూ నిద్ర ఉండదు" అంది.

ఇరవై రెండేళ్లుగా ట్యాంకు అక్కడే ఉంది. నాన్న "మరి చెప్పవేం?" అన్నారు.