వదిన జ్వరం

ఈసారి మా ఇంటి కథే రాస్తున్నాను.

షోలాపూర్‌లో మా వదినది బీడీలు చుట్టిన చెయ్యి. పదిహేనేళ్ళుగా కీళ్ళవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్. వేళ్ళు వంకరపోయి చాట పక్కన పెట్టేసింది. ఈమధ్య కీళ్ళ నొప్పి కాస్త తగ్గిందని అందరం సంతోషించాం. కానీ కాలిమీది పుండు మానలేదు, జ్వరం మాటిమాటికీ వచ్చింది. "ఏమైతదే, వాతం జ్వరమే" అనేది. చాలా ఏళ్ళు నర్సుగా చేసిన నేనూ సరేననుకున్నాను. అది నా పొరపాటు.

చివరికి రక్తపరీక్ష చేయిస్తే తెల్లకణాలు 1,900. మామూలుగా 4,000కు తగ్గకూడదు. వాటిలో సూక్ష్మజీవులతో పోరాడే న్యూట్రోఫిల్ కణాలు 400 మాత్రమే. 500 కంటే తగ్గితే చిన్న పుండే ప్రాణం మీదికి తేవచ్చు. ప్లీహం కూడా వాచింది. డాక్టరుగారు దీన్ని ఫెల్టీ సిండ్రోమ్ అన్నారు. 1924లో అమెరికా వైద్యుడు ఆగస్టస్ ఫెల్టీ ఐదుగురు రోగుల్లో ఈ మూడింటినీ, అంటే కీళ్ళవాతం, పెరిగిన ప్లీహం, తగ్గిన తెల్లకణాలను, కలిపి వర్ణించారు.

ఎందుకిలా? మన రక్షణకోసం పుట్టవలసిన యాంటీబాడీలు కీళ్ళవాతంలో మన ఒంటిమీదికే తిరుగుతాయి. ఫెల్టీ రోగుల్లో కొన్ని న్యూట్రోఫిల్ కణాలకే అంటుకుంటాయి. అలాంటి కణాలను ప్లీహం ఏరి పారేస్తుంది. మరికొన్ని, ఎముక మూలుగలో ఆ కణాలను పెంచే పదార్థాన్ని అడ్డుకుంటాయి. అటు ఖర్చు ఎక్కువ, ఇటు రాబడి తక్కువ.

ఇది అరుదైన జబ్బే. తెల్లకణాలు మందులవల్లా, కొన్ని రక్త రోగాలవల్లా తగ్గవచ్చు. అందుకే డాక్టరుగారు ముందు మెథోట్రెక్సేట్ ఎలా వేసుకుంటున్నారని అడిగారు. కీళ్ళవాతానికి అది వారానికి ఒక్కరోజే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. వదిన సరిగానే వేసుకుంటోంది.

ఆస్పత్రిలో చేర్చి, సెలైన్‌తోపాటు యాంటీబయాటిక్‌లు ఎక్కించారు. తరువాత మందులు మార్చి, తరచు రక్తపరీక్షలు చేయించారు. నెలల తరువాత న్యూట్రోఫిల్స్ 1,600కు పెరిగాయి, పుండు మానింది.

ఇంట్లో కీళ్ళవాతం ఉన్నవారుంటే డాక్టరు చెప్పిన గడువుకు రక్తపరీక్ష తప్పించకండి. జ్వరం వస్తే మందుల కొట్టు మాత్రతో సరిపెట్టక, అదేరోజు డాక్టరుకు చూపించండి. నొప్పి తగ్గినంత మాత్రాన జబ్బు తగ్గినట్టు కాదు.

వదిన ఇప్పుడు నన్నే అడుగుతోంది: "నా లెక్క ఎంతొచ్చిందే?"