మన యూళ్ల పేర్లను ఎట్లు పలుకవలెను?

నేను ఈ ప్రాంతమునకు క్రొత్తగా ఉపాధ్యాయుడనై వచ్చిన దినములలో ఒక బాలుడు ఆంగ్లపటము ముందు నిలిచి "కోదాడ" అని చదివెను. నేను అక్షరములను మాత్రమే చూచి "కోడాడ్" అని దిద్దితిని. తరగతియంతయు నవ్వెను, బాలుడు తల వంచుకొనెను. అతడు కోదాడలోనే పుట్టినవాడని పిమ్మట తెలిసికొని మిగుల సిగ్గుపడితిని. తప్పు నాది, బాలునిది కాదు.

ఆంగ్లమున "ద"కును "డ"కును వ్రాయునది ఒకటే యక్షరము. కావున కోదాడలోని రెండు వేఱు హల్లులు ఆ లిపిలో ఒకటియే యగును. కడపటి యచ్చు సయితము రాలిపోవును. సూర్యాపేట "సూర్యాపేట్" అగుటయు నిట్టిదే. రైలుబండికిని, తపాలాకును ఆంగ్లపు వ్రాత యవసరమే, కాదనను. కాని లిపిలోని కొఱతను నాలుకకు అంటించుకొననేల?

పలుకు చెడినచో అర్థమును మఱుగుపడును. సూర్యాపేటకు భానుపురి యని పూర్వనామము చెప్పుదురు. పురి పోయి పేట వచ్చినను సూర్యుడు నిలిచెను. నీలగిరి నల్లగొండ యైనను అర్థము చెడలేదు; "నల్గొండ" యని తొందరపడినచో "నల్ల" యను మాటయే నలిగిపోవును. మిర్యాలగూడను మిర్యాలగూడెమని పలుకువారును కలరు. గూడెమన్నచో చిన్నపల్లె యని వెంటనే తెలియును.

అయినను, ధ్వని పోలికచేతనే కథ కట్టరాదు. మిరియాలను మనవారు "మిర్యాలు" అందురు గనుక ఆ యూరు మిరియాలవలననే వెలసెనని తీర్పు చెప్పుట తగదు. మిర్యాల యనునది ఇంటిపేరుగా కూడ నున్నది గదా! సాక్ష్యము కావలెనన్నచో రాళ్లను చదువవలెను. సూర్యాపేట చెంతనే పిల్లలమఱ్ఱిలో కాకతి గణపతిదేవుని పేర్కొను 1208వ సంవత్సరపు శాసనము కలదు. మనలో నెందఱు దానిని చూచితిమి?

విద్యార్థులారా! ఆంగ్లమున వ్రాయునపుడు ఆంగ్లపు వర్ణక్రమమును పాటింపుడు. పలుకునపుడు మీ తల్లి పలికినట్లు పలుకుడు. తల్లిదండ్రులారా! మీ యూరికి, వాడకు, చెఱువునకు ఆ పేరెట్లు వచ్చెనని పెద్దలు చెప్పిరో పిల్లలకు చెప్పుడు. వారు దానిని వ్రాసి దాచుదురు. ఇక ఉపాధ్యాయులమైన మనము, ఒక యూరి పేరును దిద్దుటకు ముందు ఆ యూరి బిడ్డను అడిగి తెలిసికొందము.