సెలవు దాచుకుంటున్నారా?

“డాక్టరుగారూ, నాకు మూడు వందల రోజుల సంపాదిత సెలవు నిలవ ఉంది” అని గర్వంగా చెప్పే ఉద్యోగులు మీలోనూ ఉండే ఉంటారు. రిటైరయ్యేనాడు నాలుగు డబ్బులు వస్తాయన్న ఆశ తప్పు కాదు. కాని సెలవుతోపాటు ఒంట్లో నిలవపడుతున్న అలసట మాటేమిటి?

యూనివర్సిటీ అధ్యాపకులకు ‘సబాటికల్ లీవు’ అని ఒకటి ఉంది. ఈ మాటకు మూలం యూదుల విశ్రాంతి దినమైన ‘షబ్బత్’. ఆరేళ్ళు సాగుచేసిన భూమిని ఏడో ఏట బీడు పెట్టాలని వారి ధర్మశాస్త్రం చెబుతుంది. బీడు పెట్టిన భూమి సారం పుంజుకుంటుందని మన రైతులకూ తెలుసు. అమెరికాలోని హార్వర్డ్ యూనివర్సిటీ 1880లో ఈ పద్ధతిని అధ్యాపకులకు వర్తింపజేసింది. ఈ సెలవు చదువుకూ, పరిశోధనకూ ఉద్దేశించినది.

అందరికీ ఇది దొరకదు. కాని ఇందులోని కిటుకు అందరికీ పనికొస్తుంది: మంచాన పడేదాకా ఆగకుండా ముందే విశ్రాంతి తీసుకోవాలి. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి, 35–40 గంటలు పనిచేసేవారికన్నా పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి ప్రకటించాయి.

రాత్రంతా పడుకున్నా బడలిక తీరడం లేదా? అయినదానికీ కానిదానికీ పిల్లల్ని కసురుకుంటున్నారా? ముందు రక్తపోటు, రక్తహీనత, మధుమేహం, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. సెలవుతో పోయే నీరసం వేరు, మందు పడితేగాని పోని నీరసం వేరు. గుండెలో నొప్పి, ఆయాసం వస్తే మాత్రం సెలవు చీటీ రాస్తూ కూర్చోకండి. వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి.

ఏమీ లేదని తేలితే పది పదిహేను రోజులు సెలవు పెట్టండి. దాన్ని పెళ్ళిళ్ళకూ, ఇల్లు కట్టించడానికీ ఖర్చు చేయకండి. మొదటి రెండు మూడు రోజులు కంటినిండా నిద్రపోండి. తర్వాత పొద్దుటే నడవండి. ఆఫీసు ఫోనును దూరంగా పెట్టండి. సెలవు కదా అని రక్తపోటు మాత్రలు మాత్రం మానకండి. సంవత్సరానికి ఒక్కసారి కాక, వారంలో ఒక పూటయినా ఇలా గడపడం అలవాటు చేసుకోండి.

చివరగా ఒక మాట. మీరు సెలవులో ఉన్నారని ఇంట్లో కాఫీలూ, పలహారాలూ రెట్టింపు కాకూడదు. ఇల్లాలికి సంపాదిత సెలవు ఏ ఖాతాలోనూ జమ కాదు. మీ సెలవులో ఆమెకూ సగం వాటా ఇవ్వండి.