మూసిన పెట్టెల పూజ

"పెట్టె విప్పితివా, వెల సగమునకు పడిపోవును" అని చెన్నపట్టణమున పాత బొమ్మల వ్యాపారి యొకడు, డ్రాగ్ రేసు కారు ప్లాస్టిక్ కిట్టును చేతబట్టి దానిపైనుండి చూపు మరల్పలేకున్న యొక బాలునితో ఇటీవల పలుకగా వింటిని. అది అతని యొక్కని మాటయే యైనచో ఉపేక్షింపవచ్చును. కాని 1960, 70 దశకముల నాటి కిట్లను సేకరించువారిలో పెక్కుమంది నేడు దీనినే వేదవాక్యముగా వల్లించుచున్నారు. పెట్టెకు చుట్టిన పలుచని పారదర్శకపు పొర చినుగనంతవఱకే లోని వస్తువునకు గౌరవమట. దానిని చించి, ముక్కలను ఊడదీసి, జిగురుతో అతికి, రంగులు పూసి కారుగా నిలబెట్టినవాడు విధ్వంసకుడట! వర్తకుల లెక్కల పుస్తకమున పుట్టిన యీ సిద్ధాంతము ప్రేమ యనియు, పరిరక్షణ యనియు పేర్లు పెట్టుకొని తిరుగుచున్నది. ఇంతకంటె హేయమైన వాదము సేకరణ ప్రపంచమున మఱొకటి నేనెఱుగను.

ఆ పెట్టెలలో నేమున్నదో విప్పనివారికి తెలియదు గనుక చెప్పవలసియున్నది. అమెరికాలో ఏఎంటీ, ఎంపీసీ, రెవెల్, మోనోగ్రామ్ సంస్థలు పోతపోసిన యీ కిట్లలో పెక్కు అసలు కారులో 25వ వంతు పరిమాణము గలవి. స్లింగ్‌షాట్ అనబడు ఆనాటి పందెపు బండిలో ఇంజను ముందు, చోదకుడు వెనుక; వెనుక యిరుసునకు సైతము ఆవల అతని పీఠము; కాళ్ళు ఇరుసు మీదుగా ముందునకు చాచి కూర్చుండవలెను. ముందు చక్రములు సన్ననివి, వెనుకవి బ్రహ్మాండమైనవి. ఇంజను నెత్తిన, తొలుత డీజిలు ఇంజన్లకై నిర్మింపబడిన జాతి సూపర్‌చార్జరు. రేడియేటరు పెక్కు బండ్లలో లేనే లేదు. ఎందుకు లేదని అతుకుచున్న పిల్లవాడడుగును. పరుగంతయు పావు మైలు, అనగా 1,320 అడుగులు, కొన్ని సెకండ్లలో ముగియును గనుక ఇంజనును చల్లబఱచు పరికరము వృథా భారమని తెలిసికొనును. మనిషిని అంత వెనుక కేల కూర్చుండబెట్టిరని యడుగును. బరువు వెనుక చక్రములపై పడిననే గాని టైరు నేలను పట్టదని తన వ్రేళ్ళతోనే గ్రహించును.

1970 మార్చి 8వ తేదీన కాలిఫోర్నియాలోని లయన్స్ డ్రాగ్ స్ట్రిప్‌లో డాన్ గార్లిట్స్ అను మహాచోదకుని బండి బయలుదేరిన తక్షణమే గేరుబాక్సు అతని పాదముల చెంత ప్రేలి, బండి రెండుగా చీలి, అతని కుడి పాదములో కొంత భాగము తెగిపోయెను. అతడు ఆసుపత్రి మంచముననే ఇంజనును తన వెనుకకు మార్చు బండిని గూర్చి యోచించి, నిర్మించి, 1971లో పొమోనా పందెమున దానితోనే గెలిచెను. కొన్ని యేండ్లలోనే ముందు ఇంజను బండ్లు అగ్రశ్రేణి పందెముల నుండి అదృశ్యమయ్యెను. చిన్న గేరుబాక్సును చిన్న చోదకుని పాదముల యెదుట స్వయముగా అతికినవానికి ఈ చరిత్ర యంతయు ఎవరును చెప్పకయే అర్థమగును. పెట్టె మీది రంగుల చిత్రమును అద్దపు బీరువాలో నుండి చూచువానికి ఏమి అర్థమగును? ధర తప్ప!

ఇక పరిరక్షణ మాట. ఆ కిట్లలోని వినైలు టైర్లను మెత్తగా నుంచుటకై కలిపిన ద్రవ్యము కాలక్రమమున బయటికి ఊరి, తాకిన పాలిస్టైరీను ముక్కను కరగించి గుంటలు పెట్టును. మూసిన పెట్టెలో టైరు దేనిపై ఒరిగియున్నదో ఎవడు చూచినాడు? నీటిలో నానబెట్టి అంటించు బొమ్మల కాగితము పసుపుబాఱి పగుళ్ళిచ్చును. సముద్రపు తేమ యేడాది పొడవునను, రోహిణీ కార్తె యెండలు అటక మీదను పనిచేయు ఈ చెన్నపట్టణమున, పెట్టెను విప్పి టైర్లను వేఱు సంచిలో నుంచినవాడు రక్షకుడా, ముద్ర చెడునని భయపడి లోపల ఏమగుచున్నదో చూడనొల్లనివాడు రక్షకుడా? మన యిండ్లలో బొమ్మల కొలువు బొమ్మలు తరతరములుగా నిలిచినవన్న, ఏటేట పెట్టె తెఱచి, తుడిచి, మెట్లపై నిలిపి, మరల గుడ్డలో చుట్టి పెట్టిన చేతుల వలననే గదా!

అరుదైనవి గనుక ముట్టరాదందురు. పాత అచ్చులనే వాడి అమెరికాలో రౌండ్ 2 వంటి సంస్థలు మరల పోయుచున్న కిట్లను మాత్రము వీరే నకళ్ళని యీసడింతురు. అరుదుతనమే కోరువానికి కారుతో పనియేమి? పైగా మన దేశమున బొమ్మలపై దిగుమతి సుంకము 2020లో 20 నుండి 60 శాతమునకును, 2023లో 70 శాతమునకును పెరిగెను. కొత్త పెట్టె ఇంత భారమైన వేళ, ఉన్న పాత పెట్టెలను సైతము పిల్లలకు నిషేధించుట క్రౌర్యము.

ఈ నగరమునకు ఈ బుద్ధి స్వభావసిద్ధమైనది కాదు. 1985లో దగ్ధమైన మూర్ మార్కెట్టు అంగళ్ళలో పాత వస్తువును విప్పి, త్రిప్పి, బేరమాడి కొనుట యాచారము. యుద్ధకాలపు విమానస్థలమైన చోళవరమున, 1953లో స్థాపితమైన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ పందెములు నడిపిన కాలమున, జనులు చూడవచ్చినది ముట్టుకొనని కార్లను కాదు. ఇంటివాడుక ఫియట్లను, హెరాల్డులను నట్లూడదీసి మార్చి తెచ్చిన కార్లను. కోయంబత్తూరున కరివర్ధన్ మారుతి ఇంజనుతో ఒంటి పీఠపు పందెపు కారును తయారుచేయించినది ఆ సంప్రదాయముననే. నేడు శ్రీపెరుంబుదూరు దాపున ఇరుంగాట్టుకోట్టై బాటపై పావు మైలు పందెములు సైతము జరుగుచున్నవి. ఆ బాట చెంత నిలిచి కేకలు వేయు బాలుడు ఇంటికి వచ్చి ఒక ఇంజనును తన చేత కూర్పగోరినచో, అతనిని ఆపుటకు ఈ వ్యాపారులకు అధికారమెవరిచ్చిరి?

ఒకే కిట్టును రెండు మూడు ప్రతులుగా దాచినవారు ఈ నగరముననే యున్నారు. ఒక ప్రతిని అట్లే యుంచుకొందురు గాక. రెండవదానిని ఏ పాఠశాలకో, ఏ ఆదివారపు బల్లకో ఇచ్చి, జిగురు, చిన్న కత్తి, ఆకురాయి, పెద్దవా రొకరు తోడుగా నుండు ఏర్పాటు చేయవలెను. ఏర్పాటు వివరములు పూనుకొన్నవారే తేల్చుకొందురు. వ్యాపారి యెదుట నేను చూచిన ఆ బాలుడు మాత్రము నాడు పెట్టెను బల్లపై నుంచి వట్టి చేతులతో వెడలిపోయెను. అతని చిరునామా ఎఱిగినవారు ఎవరైన నున్నచో, నా వద్దనున్న మోనోగ్రామ్ కిట్టును, పొర చించియే, అతనికి పంపుటకు సిద్ధముగా నున్నాను.