శోష వస్తే లేవదీయకండి

ఎవరైనా శోష వచ్చి పడిపోతే చుట్టూ ఉన్నవారు చేసే మొదటి పని, రెక్కలు పట్టుకుని లేపి కూర్చోబెట్టడం. రెండవది, నోట్లో నీళ్ళో సోడానో పోయడం. ఈ రెండూ చేయకూడని పనులే.

మనం నిలబడినప్పుడు అర లీటరుకు పైగా రక్తం కాళ్ళలోకి, పొట్ట కింది భాగంలోకి దిగుతుంది. వెంటనే రక్తనాళాలు బిగిసి, గుండె వేగం కాస్త పెరిగి, మెదడుకు రక్తం తగ్గకుండా చూస్తాయి. ఎండ, ఉక్కపోత, ఉపవాసం, నొప్పి, భయం వంటి కారణాలవల్ల ఒక్కొక్కప్పుడు ఈ ఏర్పాటు తప్పుతుంది. బి.పి. పడిపోతుంది. మెదడుకు ఆరేడు సెకన్లు రక్తం సరిగా అందకపోతే చాలు, స్పృహ తప్పుతుంది.

మా ఆత్రేయపురం మండలంలోని వాడపల్లి వేంకటేశ్వరస్వామి ఆలయానికి ఏడు శనివారాల మొక్కుతో వచ్చేవారిలో పరగడుపున ప్రదక్షిణలు చేసి క్యూలో నిలబడేవారుంటారు. పూతరేకులు తీసే ఆడవాళ్ళు బోర్లించిన కుండ ముందు మంట సెగలో చాలాసేపు కూర్చుని లేస్తారు. ఇలాంటి వారు మధ్యమధ్య నీళ్ళు, మజ్జిగ తాగుతూ ఉండాలి. కూర్చున్నచోటి నుంచి నెమ్మదిగా లేవాలి.

శోషకు ముందు ఆవలింతలు, చెమట, వికారం, కళ్ళు బైర్లు కమ్మడం, చెవుల్లో హోరు కనిపిస్తాయి. అప్పుడు సిగ్గుపడకుండా అక్కడే పడుకోవాలి. చోటు లేకపోతే కాళ్ళు మెలివేసి తొడలు, పిడికిళ్ళు బిగించాలి.

పడిపోయినవారిని వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ళు అడుగు ఎత్తున ఉంచండి. గర్భిణి అయితే ఎడమ పక్కకు తిప్పండి. వాంతి అవుతుంటే ఎవరినైనా పక్కకు తిప్పాలి. బిగుతు బట్టలు వదులు చేసి గాలి ఆడనివ్వండి. పడుకుని ఉంటే మెదడుకు రక్తం సులువుగా చేరి, సాధారణంగా ఒక నిమిషంలోపే తెలివి వస్తుంది. లేపి కూర్చోబెడితే ఆ రక్తం మళ్ళీ అందదు. పూర్తిగా తెలివి రాకముందు నోట్లో పోసిన నీరు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. తెలివి వచ్చాక కూడా పది, పదిహేను నిమిషాలు పడుకోనిచ్చి, తరువాత నెమ్మదిగా కూర్చోబెట్టాలి.

అయితే ప్రతి శోషా ఇంత తేలిక కాదు. ఏ సూచనా లేకుండా పడిపోయినా, పరుగెత్తుతుండగా గాని పడుకుని ఉండగా గాని స్పృహ తప్పినా, గుండెనొప్పి, దడ, ఆయాసం ఉన్నా అది గుండె జబ్బు కావచ్చు, ఇ.సి.జి. తీయించాలి. నెల తప్పిన స్త్రీ కడుపునొప్పితో సొమ్మసిల్లితే లోపల రక్తస్రావం జరుగుతూ ఉండవచ్చు. ఒళ్ళు కాలిపోతూ మాట తడబడితే అది వడదెబ్బ. తడిగుడ్డలతో ఒళ్ళు చల్లబరుస్తూ తీసుకురావాలి. షుగరుకు మందులు వాడేవారికి తెలివి వచ్చాక పంచదార నీళ్ళు ఇవ్వాలి. ఇలాంటివారినీ, రెండు నిమిషాలకు కూడా తెలివి రానివారినీ వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. 108కి ఫోను చేయండి. ఊపిరి ఆడకపోతే ఫోను చేసి, అంబులెన్సు వచ్చేదాకా ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూనే ఉండాలి.

బి.పి. మాత్రలు వాడుతూ తరచు కళ్ళు తిరిగేవారు వాటిని సొంతంగా మానకుండా, చీటీతో సహా డాక్టరుకు చూపించుకోవడం మంచిది.