తెలిసినవారమా? ఎరిగినవారమా?



ఇంగ్లీషులో ‘నో’ అనే చిన్న మాట ఉన్నది. ‘కాదు’ అని చెప్పే ‘నో’ కాదు. ‘తెలియుట’ అని అర్థమిచ్చే ‘నో’. ఒక సంగతి తెలిసినా, ఒక మనిషితో పరిచయమున్నా ఇంగ్లీషువారికి ఆ ఒక్క మాటే చాలును.

ఫ్రెంచి మాట్లాడేవారికి అలా చాలదు. ఆ మాటను తమ భాషలో చెప్పాలంటే వారు రెండింటిలో ఒకటి ఎంచుకోవాలి. ‘సావ్వార్’ అంటే సంగతి తెలియుట, పని చేయుట వచ్చుట. ‘కొనెత్ర్’ అంటే మనిషితోనో ఊరితోనో పరిచయము కలిగియుండుట. పారిస్ ఫ్రాన్సు రాజధాని అని తెలిస్తే మొదటి మాట; ఆ ఊరి వీధులలో తిరిగి ఎరిగియుంటే రెండవ మాట.

లూయీ సెగోన్ అనే దైవజనుడు బైబిలును ఫ్రెంచిలోనికి తర్జుమా చేశారు. పాత నిబంధన 1874లోను, క్రొత్త నిబంధన 1880లోను వెలువడ్డాయి. అందులో తన విమోచకుడు సజీవుడని యోబు చెప్పినచోట (యోబు 19:25) మొదటి మాట ఉన్నది. నిత్యజీవమంటే ఏమిటో ప్రభువు చెప్పినచోట (యోహాను 17:3) రెండవ మాట ఉన్నది. మన తెలుగు బైబిలులో రెండు చోట్లను ‘ఎరుగుట’ అనే ఉండుటవలన ఈ తేడా మనకు వెంటనే కనబడదు.

మొదటిది చిన్నదేమీ కాదు. బిడ్డలను, ఆస్తిని పోగొట్టుకొన్న యోబు ఆ సత్యముమీదనే నిలబడ్డాడు. అయితే అంతటితో ఆగరాదు. కలెక్టరుగారి పేరు ఊరంతటికీ తెలుసు. ఆయన ఇంటిలోనికి చనువుగా వెళ్లగలవారెందరు? ప్రభువు నామమున ప్రవచించి, దయ్యములను వెళ్లగొట్టినామని చెప్పుకొన్నవారితో సయితము ఆయన, మిమ్మును ఎరుగనే ఎరుగనని చెప్పునట. మత్తయి 7:23 ఫ్రెంచిలో చదివితే అక్కడ ఉన్నది ఆ రెండవ మాటే!

మన ఇండ్లలోను ఇంతే. కుమారుడు ఏ తరగతో, ఎన్ని మార్కులో తండ్రికి తెలుసు. వాని భయము, వాని కన్నీరు ఎరుగునా?

ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో పిల్లలచేత వచనము అప్పజెప్పించుకొన్న తరువాత వారిని దగ్గర కూర్చోబెట్టుకొని, ఈ దినము ఎలా గడిచిందో అడగండి. పిమ్మట మీరును మోకరించి, మీ దినము ఎలా గడిచిందో ప్రభువుతో చెప్పుకోండి. ఎరుగుట అక్కడ మొదలవుతుంది.